వెంట్రుకవాసి

పేరుకి వేసవి ఒలింపిక్సే గాని, 1984లో అవి లాస్ ఏంజెలెస్‌లో జరుగుతుంటే మనకి వానలు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. వరలక్ష్మీ వ్రతం నాటి పొద్దున అమ్మ తోరాలు కడుతోంది. నాన్న పేపరు చూస్తూ, "ప్చ్, వెంట్రుకవాసిలో పోయింది!" అన్నారు.

కేరళలోని పయ్యోలి పిల్ల పి.టి. ఉష గురించి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి 400 మీటర్ల హర్డిల్స్ పెట్టడం అదే మొదలు. మొరాకో అమ్మాయి నవాల్ ఎల్ ముతవకిల్‌కి బంగారు పతకం వచ్చింది. మూడో స్థానం రుమేనియా అమ్మాయిది, 55.41 సెకన్లు. ఉషకి 55.42.

"నూరోవంతు అంటే ఎంతమ్మా?"

"రెప్ప వేసేంత కూడా కాదే."

రోజంతా రెప్పలార్పి చూసుకున్నాను. ఏడుపొచ్చింది.

సాయంత్రం పేరంటాళ్లు వచ్చే వేళకి పట్టులంగా ఎత్తి పట్టుకుని, వాకిట్లో పీటలు వరసగా పేర్చి దూకడం మొదలెట్టాను. "ఆడపిల్లవి, ఏమిటా గెంతులు?" అని నాన్నమ్మ కేకేసింది. అత్తగారికి ఏనాడూ ఎదురు చెప్పని అమ్మ, పసుపు చేతులతోనే గుమ్మంలోకి వచ్చి, "పోనీండి అత్తయ్యగారూ, దూకనివ్వండి" అంది. నాన్నమ్మ ఆశ్చర్యపోయి ఊరుకుంది.

1986లో సియోల్ ఆసియా క్రీడల్లో ఉష నాలుగు బంగారు పతకాలు తెచ్చింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆవిడే.

ఆ రోజు అమ్మ ఫోను చేసి, "విన్నావుటే? శ్రీకాకుళం పిల్ల!" అంది. తర్వాత కాసేపాగి, "ఆ పీటలు ఇంకా అటకమీదే ఉన్నాయి" అంది.