మళ్లీ చూడలేని బొమ్మ: 'డాక్టర్ హూ' నవలలూ, పాఠకుల తగవూ

జాన్ టల్లక్, హెన్రీ జెంకిన్స్ కలిసి 1995లో తెచ్చిన 'సైన్స్ ఫిక్షన్ ఆడియెన్సెస్' ఉపశీర్షికలోనే టీవీ ధారావాహికలైన 'డాక్టర్ హూ', 'స్టార్ ట్రెక్'లను 'చూడటం' అని ఉంది. నా పేచీ ఆ క్రియాపదంతోనే. బ్రిటన్‌లో ఒక తరం పిల్లలు డాక్టర్ హూని చూసినంతగా చదివారు కూడా. ప్రేక్షకుడి కోసం అంత సిద్ధాంతం కట్టినవాళ్లు పాఠకుడికి వసారాలోనే చాప వేశారు.

ఆ టీవీ కథలనే మళ్లీ రాసిన ఈ నవలల మీద పాఠకుల తగవు పాతదే. టెరెన్స్ డిక్స్ రాసిన అరవై పైచిలుకు పుస్తకాలు స్క్రిప్టుకి 'అన్నాడు', 'అంది' తగిలించినవేనని ఒక వర్గం. చదవడం మాకు అలవాటు చేసింది ఆయనేనని ఇంకో వర్గం. దీన్ని చిన్ననాటి మమకారానికీ, పెద్దయ్యాక వచ్చిన అభిరుచికీ మధ్య గొడవగా కొట్టిపారేస్తుంటారు. నాకు అలా అనిపించదు. బొమ్మను మళ్లీ చూసే వీలున్నవాడికీ లేనివాడికీ మధ్య తగాదా ఇది.

బీబీసీ పాత టేపులను చెరిపి మళ్లీ వాడుకుంది. 1960ల నాటి భాగాల్లో దాదాపు వంద నేటికీ దొరకలేదు. ఆ రోజుల్లో పునఃప్రసారాలూ అరుదే. 1973లో టార్గెట్ సంస్థ ఈ నవలలను చవక ప్రతులుగా వెయ్యడం మొదలుపెట్టేనాటికి, పోయిన కథ పిల్లవాడికి తిరిగి దొరికే చోటు పుస్తకమే.

అలాంటప్పుడు మూలానికి విధేయత అన్న మాటకు అర్థమేముంది? డేవిడ్ విటకర్ 1964లో రాసిన మొట్టమొదటి నవలే చూడండి. టీవీలో ఇయాన్, బార్బరా ఒకే బడిలో పంతుళ్లు. అనుమానం వచ్చి తమ విద్యార్థిని వెంట పాత సామాన్ల దొడ్డికి వెళతారు. నవలలో వాళ్లకు ముందు పరిచయమే లేదు. రాత్రివేళ పొగమంచులో, రోడ్డు ప్రమాదం జరిగిన చోట కలుస్తారు. కథంతా ఇయాన్ 'నేను' అంటూ చెబుతాడు. డాలెక్‌లనే శత్రుజాతిలో తెరమీద లేని గాజుది కూడా ఒకటి వస్తుంది. మూలాన్ని ఇంతగా మార్చిన ఈ పుస్తకాన్నే ఆ పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు.

మాల్కమ్ హల్క్ ఇంకో అడుగు వేశాడు. 1970లో ఏడు భాగాలుగా ప్రసారమైన తన సిల్యూరియన్ల కథనే 1974లో 'కేవ్ మాన్‌స్టర్స్'గా రాస్తూ, నేలకింద దీర్ఘనిద్రకు పోబోయే సరీసృపాల వైపు నుంచి మొదలుపెట్టాడు. వాటికి పేర్లు పెట్టాడు: ఒక్డెల్, మోర్కా. పేరుంటే రాక్షసి కాస్తా ఇరుగుపొరుగు అయిపోతుంది.

1983లో డాక్టర్ హూ తొలి వీడియో క్యాసెట్ వచ్చింది. బొమ్మ ఇంట్లోకి వచ్చాక, 120 పుటల డిక్స్ పుస్తకం పక్కన పెట్టి పోల్చుకునే సరుకైంది. 'పలచన' అన్న ఫిర్యాదు బలపడింది అప్పుడే. రచయిత మారలేదు, పాఠకుడి చేతికి రిమోట్ వచ్చింది. ధారావాహిక ఆగిపోయాక 1991 నుంచి వర్జిన్ సంస్థ వేసిన కొత్త కథల నవలలకు ఈ లెక్క సరిగ్గా సరిపోదన్నది నిజమే.

సినిమా కథను నవలగా రాసే మన వెండితెర నవలకూ ఇదే వర్తిస్తుందని నా నమ్మకం. ముళ్లపూడి వెంకటరమణ వంటి దిట్టలు చెయ్యి చేసుకున్న ఆ ప్రక్రియ వెనకబడటానికి సాహిత్య కారణాలు వెతకడం దండగ. వీసీఆర్‌ని అడిగితే చాలు.

హల్క్ నవల నాకు అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద దొరికింది. డాక్టర్ హూ ఒక్క భాగమైనా చూడకముందే చదివాను. ఒక్డెల్ పేరు వచ్చిన ప్రతిచోటా పాత యజమాని పెన్సిల్‌తో గీత గీశాడు. డాక్టర్ పేరు కింద ఒక్కటీ లేదు. నా వాదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. చాలా ఏళ్లకు ఆ ఏడు భాగాలూ కంప్యూటర్లో చూశాను. రబ్బరు తొడుగులో ముసలి సరీసృపం నిలబడి ఉంది. ఏడు భాగాల్లో దాన్ని ఎవ్వరూ పేరు పెట్టి పిలవలేదు.