అభిషేకమూ శ్రుతీ

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్ సంఘాల్లో ఆరాధన ముగిశాక పాటల బృందం గురించి రెండు మాటలు వినిపిస్తుంటాయి. బాగా వాయించారు గానీ అభిషేకం లేదని కొందరంటారు. భక్తి ఉంది గానీ శ్రుతి లేదని ఇంకొందరంటారు. ఈ రెంటికీ పోటీ పెట్టడం మన సంఘ చరిత్రకు అన్యాయమని నా నమ్మకం.

బైబిలు రెంటినీ అడిగింది. కెనన్యా ప్రవీణుడు గనకే లేవీయుల పాటకు పెద్ద అయ్యాడు. న్యాయం లేని చోట పాటల ధ్వని దేవునికి అక్కర్లేదని ఆమోసు ప్రకటించాడు.

తెలుగులో ఆ రెండూ కలిసిన మనిషి పురుషోత్తమ చౌదరి (1803–1890). 1833లో బాప్తిస్మం పొందిన ఈ కవి పాశ్చాత్య బాణీల కోసం చూడలేదు. పల్లవి, చరణాలతో, రాగతాళాలతో కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల పైన రాగం, తాళం పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ పేర్లు చదవలేని కూలీలు కూడా చెవిన పడ్డ పాటను కంఠతా పట్టి పాడారు. రాసినవాడి పాండిత్యం పాడేవాళ్ల నోటికి అడ్డు పడలేదు. నా దృష్టిలో నేర్పు అంటే అదే.

ఒంగోలు వైపు కథ వేరు, దాన్ని మనం ఎక్కువగా చెప్పుకోం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో మిషనరీ జాన్ క్లౌ బృందం 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఆ ఉద్యమంలో ముందు నడిచింది మాదిగలు. ఊరి జాతరల్లో డప్పు కొట్టడం వాళ్ల వెట్టి. విశ్వాసంలోకి వచ్చాక ఇక కొట్టబోమన్నారు, ఊరి పెద్దల కోపాన్ని భరించారు. తరతరాలుగా లయ చేతుల్లో ఉన్నవాళ్లు మనస్సాక్షి కోసం ఆ వాద్యాన్ని కింద పెట్టారు. ఆరాధనలో నిజాయితీకి ఇంతకన్నా పెద్ద వెల ఎవరు చెల్లించారు? గుడిలోకి హార్మోనియం, తబలా, డోలక్, తాళాలు వచ్చాయి. డప్పు చాలాకాలం బయటే ఉండిపోయింది.

1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య దేశీయ బాణీలను, జానపద రూపాలను ప్రోత్సహించాడు. హైదరాబాద్ హెబ్రోనులో భక్తసింగ్ సహవాసం సీయోను గీతాలను సభంతటి పాటగా నిలిపింది. 1978లో ‘కరుణామయుడు’ సినిమా వచ్చింది. క్యాసెట్లు పెరిగాయి, సినిమా గాయకుల గొంతులు క్రైస్తవ పాటకు కొలమానమయ్యాయి. తర్వాత గుంటూరు హోసన్నా మినిస్ట్రీస్ ఆల్బమ్‌లు ఊరూరా పాకాయి.

చిక్కు అక్కడే మొదలైంది. ఆల్బమ్‌లో గాయకుడు పాడిన శ్రుతిలోనే సంఘంలోనూ కీబోర్డు మోగుతుంది. పై స్థాయి చరణం వచ్చేసరికి వెనుక వరుసల్లోని స్త్రీలు ఆగిపోతారు, వేదిక ఒక్కటే పాడుతుంది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మీట ఉంది. రెండు మెట్లు దించితే హాలంతా పాడగలదు. దించాలని గుర్తించడానికి చెవి కావాలి, దించడానికి వినయం కావాలి. వారమంతా సాధన చేసిన కుర్రాడికి ఆ రెండూ నేర్పవలసింది సంఘ పెద్దలే. మరీ టాలెంట్ చూపిస్తున్నాడని వెనకాల గొణిగితే అతను నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఇప్పుడు అదే కీబోర్డులో, రిథమ్ ప్యాడ్‌లో డప్పు శబ్దం కూడా వినిపిస్తోంది. యంత్రంలోంచి వచ్చిన డప్పుకు ప్రవేశం ఉన్నప్పుడు తోలు డప్పుకు, దాన్ని కొట్టడం తెలిసిన చేతులకు వేదిక మీద చోటివ్వడానికి ఇంకా వెనకాడటం తగదు.