ఊరకుక్కకు దిక్కెవరు?



2026 జనవరిలో కామారెడ్డి జిల్లా పేరు దేశమంతటా పత్రికలకెక్కింది. మంచి పనికి మాత్రం కాదు. జిల్లాలోని కొన్ని పల్లెల్లో సుమారు 200 వీధికుక్కలను విషంతో చంపించారని ఫిర్యాదు వచ్చింది. పోలీసులు కేసు పెట్టారు. అంతకు నెల ముందే పంచాయతీ ఎన్నికలు జరిగాయి. కుక్కల బెడద లేకుండా చేస్తామని ఓట్లప్పుడు ఇచ్చిన మాటను ఇలా చెల్లించుకున్నారని ఆరోపణ. నిజానిజాలు కోర్టులో తేలవలసిందే.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా, అది కామారెడ్డి కానివ్వండి, ఎల్లారెడ్డి కానివ్వండి, మన ఇళ్ళల్లో రెండు మాటలు వినిపిస్తాయి. "అయ్యో పాపం" అనేవారు కొందరు. "పీడా వదిలింది, పిల్లలు భయం లేకుండా బడికి పోతారు" అనేవారు కొందరు. ఈ రెండో మాటను కొట్టిపారేయడానికి వీల్లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. ఆ తల్లి ముందు నిలబడి జీవకారుణ్యం గురించి ఉపన్యాసం చెప్పగలవాళ్ళెవరు?

అయితే, చంపితే కుక్కలు తగ్గుతాయా? ఈ ప్రశ్న కొత్తది కాదు. చరిత్రలో దీనికి జవాబుంది. చంపడం కాక మరో దారి వెతికినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో చూస్తే మనకే ఆశ్చర్యం వేస్తుంది.

మూగజీవాలకు వైద్యం అన్న ఆలోచన మన నేలకు పరాయిది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేశాననీ, మందుమొక్కలు నాటించాననీ ఆయన అందులో చెప్పించాడు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం మాట ఇది. తరవాత తరవాత మన ఊళ్ళల్లో మిగిలింది కొండవాడ ఒక్కటే. కోస్తా వైపు బందెలదొడ్డి అంటారు. చేను మేసిన పశువును అందులో పెట్టి, జరిమానా కట్టించుకుని విడిచిపెట్టేవారు. అది శిక్షే గాని రక్షణ కాదు. కుక్కకు ఆ మాత్రం దొడ్డి కూడా లేదు. స్వర్గద్వారం దాకా ధర్మరాజు వెంట నడిచిన కథను మాత్రం మనం ముచ్చటగా చెప్పుకుంటాం!

బొంబాయిలో ఇంగ్లీషు దొరలు కుక్కను చంపినవాడికి తలకింత అని బహుమానం పెట్టారు. డబ్బు ఆశకు ఇళ్ళల్లోకి చొరబడి మరీ కొడుతున్నారని 1832 జూన్‌లో పార్సీలు తిరగబడ్డారు. దుకాణాలు మూతపడ్డాయి. రెండేళ్ళకు, 1834లో, సర్ జంషెట్జీ జీజీభాయ్ మొదలైనవారు పూనుకుని అక్కడ పింజ్రాపోల్ స్థాపించారు. దిక్కులేని జంతువులకు తిండీ నీడా ఇచ్చే చోటు అది.

లండన్‌లో ఈ పని ఒక వంటింట్లో మొదలైంది. మేరీ టీల్బీ అనే ఆవిడ స్నేహితురాలింటికి వెళితే, ఆ ఇంటావిడ వీధిలో దొరికిన ఒక బక్కచిక్కిన కుక్కను వంటగదిలో పడుకోబెట్టి సాకుతోంది. ఇద్దరూ కలిసి ఎంత చేసినా అది బతకలేదు. 1860లో మేరీ టీల్బీ తప్పిపోయిన కుక్కలకూ, ఆకలితో మాడే కుక్కలకూ ఒక ఇల్లు తెరిచింది. టైమ్స్ పత్రిక వెక్కిరించింది. మనుషులకే గతి లేకపోతే కుక్కలకు ఇల్లా అన్న ధోరణి. ఆ మాట మనమూ నిత్యం వింటున్నదే గదా! ఆవిడ 1865లో పోయింది. ఆ ఇల్లు 1871లో బాటర్సీకి మారి, ఇప్పటికీ నడుస్తోంది.

సరిగ్గా ఆ 1860లోనే మన మద్రాసులో కార్పొరేషను వాళ్ళు వీధికుక్కలను పట్టి చంపడం మొదలుపెట్టారు. మొదట్లో రోజుకు ఒకటి చొప్పున చంపేవారట. 1996 నాటికి ఆ లెక్క రోజుకు 135 దాకా పోయిందని బ్లూ క్రాస్ పెద్ద చిన్నికృష్ణగారు చెబుతూ వచ్చారు. నూటముప్పై ఆరేళ్ళు చంపినా కుక్కలు తరగలేదు. ఎందుకని? వీధిలో చెత్తకుప్ప ఉన్నంతకాలం తిండి ఉంటుంది. ఉన్న కుక్కను తీసేస్తే ఆ చోటు ఖాళీ అవుతుంది, పక్కవీధి కుక్క వచ్చి చేరుతుంది. ఆడకుక్కకు రెండు నెలల్లోనే ఈత. నాలుగో, ఆరో పిల్లలు. ఎంగిలి విస్తళ్ళు వీధిలో పారేసి, కుక్కలు పెరిగిపోయాయని సర్పంచిని తిడితే ఏం లాభం?

ఆ మద్రాసులోనే రుక్మిణీదేవి అరండేల్ ఉండేవారు. కళాక్షేత్రం స్థాపించిన నాట్యాచార్యురాలు. రాజ్యసభ సభ్యురాలై, 1953లో జంతుహింస నివారణకు స్వయంగా బిల్లు పెట్టారు. నెహ్రూగారు మెచ్చుకుని, ప్రభుత్వమే చట్టం తెస్తుంది, మీరు ఉపసంహరించుకోండి అన్నారు. ఆమె విన్నారు, కాని వదిలిపెట్టలేదు. 1960లో చట్టం వచ్చింది. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆమే. చట్టం వచ్చిందే గాని అందులో మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు! ఇప్పటికీ అంతే. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో జంతువును చంపినా అవిటిని చేసినా ఐదేళ్ళ దాకా జైలు వేసే సెక్షను వేరే ఉంది కాబట్టి కొంత నయం.

ఇక ఉషా సుందరం. స్వతంత్ర భారతంలో తొలినాళ్ళ మహిళా పైలట్. 1951లో భర్త కెప్టెన్ సుందరంతో కలిసి లండన్ నుంచి బొంబాయికి 27 గంటల్లో విమానం నడిపి రికార్డు సృష్టించారు. ఆ దంపతులు 1959లో, మద్రాసు వీధుల్లో వాననీళ్ళలో కొట్టుకుపోతున్న కుక్కపిల్లలను ఇంటికి తెచ్చారు. బ్లూ క్రాస్ అలా మొదలైంది. ఆకాశంలో అంత ఎత్తున ఎగిరిన మనిషి ఇంటి వెనక కుక్కల పుళ్ళు కడిగారు. చంపడం మాని, కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేద్దామని బ్లూ క్రాస్ వాళ్ళు 1964 నుంచీ చెబుతూనే వచ్చారు. కార్పొరేషను ఒప్పుకున్నది 1996లో. 2001లో దేశమంతటికీ ఆ నియమాలే వచ్చాయి.

మన హైదరాబాదుకు బ్లూ క్రాస్‌ను తెచ్చింది అక్కినేని అమల, 1992లో. ఆమె రుక్మిణీదేవి కళాక్షేత్రంలోనే నాట్యం నేర్చుకున్నారు. దెబ్బ తగిలిన జంతువులను ఇంటికి తెచ్చుకోవడంతోనే ఆమె పనీ మొదలైంది. చూశారా, మళ్ళీ ఇంటి నుంచే!

శరణాలయంలో పని అంటే ఏదో పెద్ద విద్య అనుకుంటాం. పొద్దున్నే గదులు కడగాలి. పెద్ద గిన్నెలో అన్నం వండాలి, ఉల్లిపాయ తగలకుండా. అది కుక్కల రక్తానికి చేటు. పురుగు పట్టిన పుండుకు డాక్టరు కట్టు కట్టేటప్పుడు జంతువును కదలకుండా పట్టుకోవాలి. ఏ వీధి కుక్క, ఎప్పుడొచ్చింది, ఆపరేషను ఎప్పుడైంది, ఇవన్నీ పుస్తకంలో రాయాలి. ఆపరేషనూ రేబిస్ టీకా అయ్యాక పట్టిన చోటే తిరిగి వదలాలి కాబట్టి ఆ రాత తప్పితే మొత్తం తప్పుతుంది. ఇందులో మనకు రానిది ఏముంది? వచ్చేవాళ్ళు ముందు తాము రేబిస్ టీకా వేయించుకోవడం మాత్రం తప్పనిసరి. పొరపాటున కరిస్తే పావుగంట సబ్బునీళ్ళతో కడిగి, నేరుగా ఆసుపత్రికి పోవాలి. పసుపు, కారం అద్దుకుంటూ కూర్చోకూడదు.

ఇంకో సంగతి. శరణాలయం ఉంది గదా అని రాత్రివేళ గోనెసంచిలో పిల్లలను కట్టి గేటు ముందు వదిలిపోయేవాళ్ళుంటారు. తల్లిపాలు లేక, టీకా పడక, విరేచనాల జబ్బు తగిలి ఆ పిల్లల్లో చాలా వాటికి దక్కేది రెండు రోజులే. పిల్లలను కనీసం రెండు నెలలు తల్లి దగ్గరే ఉండనివ్వాలి. ఎల్లారెడ్డి వైపు పోచారం అభయారణ్యం దగ్గరే గనుక అక్కడివారికి ఒక మాట: జింకపిల్లో నెమలో దొరికితే ముద్దుగా ఉందని పెంచుకోకండి. 1972 చట్టం ప్రకారం అటవీశాఖకు అప్పగించాలి.

2023 నాటి కొత్త నియమాల ప్రకారం కుక్కలకు ఆపరేషను, టీకా వేయించే బాధ్యత మునిసిపాలిటీదీ పంచాయతీదీ. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలనన్నిటినీ షెల్టర్లకు తరలించమని మొదట చెప్పి, పదకొండు రోజులకే మార్చి, ఆపరేషను చేసి వెనక్కు వదలమంది. పిచ్చివాటినీ, మీదపడే వాటినీ మాత్రం వదలొద్దంది.

మీ వీధి కుక్కల చెవులు ఒకసారి గమనించండి. చెవికి చిన్న గాటు ఉంటే దానికి ఆపరేషను అయినట్టే. లేనివి ఎన్ని, వాటిలో ఆడవి ఎన్ని అని ఒక కాగితం మీద రాయండి. నలుగురు ఇల్లాళ్ళు సంతకాలు పెట్టి మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని రండి.