తవుడికి కొన్న పేరు: పాపకి పేరు వెతుకుతూ నెల్లిమర్ల నుంచి ముఖలింగం దాకా

ఈ ఎపిసోడ్ ఇంటి సంగతితో మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి. చరిత్ర దగ్గరికి తప్పకుండా వస్తాం.

మా అక్కకి రెండు నెలల క్రితం పాప పుట్టింది. ఆర్ద్ర నక్షత్రం, మూడో పాదం. పంచాంగం తీసి చూస్తే ఆర్ద్రకి నాలుగు అక్షరాలు ఉన్నాయి: కు, ఘ, ఙ, ఛ. మూడో పాదం అంటే ఙ. నేను బీటెక్ చదివాను, నాలుగేళ్ళు కోడ్ రాశాను, ఙ తో మొదలయ్యే పేరు మాత్రం ఒక్కటీ ఎరగను. పంతులు గారు కూడా నవ్వేశారు. పక్క పాదం అక్షరం తీసుకోండి, జాతకానికి ఒక పేరు, పిలవడానికి ఇంకో పేరు పెట్టుకోండి అన్నారు.

ఇక మా వాట్సాప్ గ్రూపులో యుద్ధం మొదలైంది. అక్క షరతులు ఏంటంటే, పేరు చుట్టుపక్కల ఎవరికీ ఉండకూడదు, అర్థం ఉండాలి, స్కూల్లో పిల్లలు ఏడిపించకూడదు, ఇంగ్లీషులో రాస్తే పాడవకూడదు. బావ ఎక్సెల్ షీట్ పంపాడు. నూట నలభై పేర్లు. హన్విక, సాన్విక, జాన్విక, తన్విక... ఎవరికీ లేని పేరు కావాలని అందరూ ఒకే సైట్లో వెతుకుతారు, చివరికి ఎల్‌కేజీలో ఒకే బెంచీ మీద తేలతారు.

ఆ లిస్టు పట్టుకుని నెల్లిమర్ల వెళ్ళాను. మా నానమ్మకి ఒక్కొక్క పేరూ చదివి వినిపిస్తున్నాను. పదో పేరు దగ్గర ఆపి, "అన్నీ ఒక్కలాగే ఉన్నాయేటిరా?" అంది. నేను సరదాగా, "అయితే నీ పేరు పెట్టేద్దామా?" అన్నాను. నానమ్మ నవ్వలేదు. "నా పేరు ఎట్టకండి నాయనా. తవుడికి కొన్న పేరది" అంది.

మా నానమ్మ పేరు తవిటమ్మ. ఇన్నేళ్ళూ అది ఏదో పాతకాలం పేరనుకున్నాను తప్ప, అందులో తవుడు ఉందని నాకు తట్టనే లేదు. ఆమెకి ముందు పుట్టిన నలుగురూ దక్కలేదట. ఐదో కాన్పుకి ఆడపిల్ల పుడితే, వాళ్ళమ్మ బిడ్డని పురిటి గదిలోంచే పక్కింటావిడ చేతిలో పెట్టేసింది. తర్వాత కాసింత తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కుంది. అంటే ఈ బిడ్డ మాది కాదు, కొనుక్కున్నది, అది కూడా బియ్యం పెట్టి కాదు, ఊక పక్కన ఉండే తవుడు పెట్టి. అంత చవక సరుకు మీద మృత్యువు కన్ను పడదని నమ్మకం.

శ్రీకాకుళం, విజయనగరం వైపు తవిటయ్యలు, తవుడులు, తవిటినాయుళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. పెంటయ్య, పెంటమ్మ పేర్ల వెనకా ఇదే కథ. బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి మళ్ళీ తెచ్చుకునేవారు. ఎంగిలి విస్తరాకుల మీద దొర్లిస్తే పుల్లయ్య. తమిళంలో కుప్పుస్వామి కూడా కుప్ప మీది బిడ్డే.

ఇది ఒక్క మన వెనకబాటుతనం అనుకుంటారేమో, ఒక పేరు చెప్తాను వినండి. ఖుదీరాం బోస్. 1908 ఆగస్టు 11న, పద్దెనిమిదేళ్ళ వయసులో ఉరికంబం ఎక్కిన కుర్రాడు. అతనికి ముందు ఇద్దరు మగపిల్లలు పోయారు. అందుకని తల్లి అతన్ని పెద్దకూతురికి మూడు గుప్పెళ్ళ నూకలకి అమ్మేసింది. బెంగాలీలో ఖుద్ అంటే నూకలు. అలా ఖుదీరాం అయ్యాడు. మన పాఠం పుస్తకంలో అతని పేరు ఎన్నిసార్లు చదివామో, ఆ పేరుకి మా నానమ్మ పేరు చుట్టమని ఏ మాస్టారూ చెప్పలేదు.

ఈ పేర్లు ఎందుకు పుట్టాయో తెలియాలంటే ఒక అంకె చాలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో రెండు వందల మందికి పైగా ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి దేశం మొత్తం మీద అది 28కి తగ్గింది. పెంటయ్య, తవిటమ్మ లాంటి పేర్లు కొత్త తరంలో ఎందుకు లేవంటే జనానికి నాగరికత వచ్చిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. టీకాలు వచ్చాయి, ఆసుపత్రి కాన్పులు వచ్చాయి, భయం తగ్గింది. భయం తగ్గాక ఆ పేరు సిగ్గుగా మిగిలింది. రేషన్ షాపులో గట్టిగా పేరు పిలిస్తే మా నానమ్మ గబుక్కున ముందుకెళ్ళిపోయేది, రెండోసారి పిలవకుండా.

సరే, అన్నీ భయం పేర్లే కాదు. మన వైపు పేరు వింటే ఏ కొండ కింద వాళ్ళో, ఏ అమ్మవారి వాళ్ళో తెలిసిపోతుంది. అసిరితల్లి పేరున అసిరయ్య, అసిరినాయుడు. అరసవల్లి సూర్యుడి పేరున సూరమ్మ, సూర్యనారాయణ. 1864లో అజ్జాడలో పుట్టిన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి అసలు పేరు కూడా సూర్యనారాయణే. శ్రీకూర్మం వల్ల కూర్మారావు, కూర్మినాయుడు. కూర్మం అంటే తాబేలు కదండీ. తాబేలు పేరు పెట్టుకుని పెద్దమనిషిగా బతికేశారు, ఎవరూ నవ్వలేదు. ఎవరికీ లేని పేరు అంటే ఇది కదా!

సింహాచలం ఇంకా చిత్రం. కొండ పేరే మనిషి పేరు. మగవాళ్ళకీ అదే, ఆడవాళ్ళకీ అదే. ఆ గుడిలో దొరికిన శాసనాల్లో అన్నిటికన్నా పాతది 1098–99 నాటిది, కులోత్తుంగ చోళుడి కాలం. ఆ అప్పన్న పేరునే అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ. కాళీపట్నం రామారావు గారు "యజ్ఞం" కథలో అప్పు కింద నలిగిపోయే మనిషికి అప్పల్రాముడని పేరు పెట్టారు. ఇటువైపు పాఠకుడికి ఆ ఒక్క మాటతో మనిషి ఊరు, చేను, బతుకు కళ్ళ ముందుకొస్తాయి.

ఇక్కడ నా సంగతీ చెప్పేయాలి. నా పూర్తి పేరులో ఒక అప్పల ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు మెయిల్ ఐడీ అడిగితే దాన్ని ఒక్క అక్షరానికి కుదించేశాను. ఎవరూ కుదించమనలేదు. నేనే చేశాను. ఆ ఇనీషియల్ ఏంటని టీమ్‌లో అడిగితే ఇంటిపేరని అబద్ధం కూడా చెప్పాను.

మా అమ్మానాన్నల పేర్లు కలిపి కొత్త పేరు తయారు చేస్తామని బావ ఒక ఐడియా వేశాడు. కొత్తేమీ కాదు బావా అన్నాను. మన పక్కనే శ్రీముఖలింగం ఉంది, ఒకప్పటి కళింగనగరం, తూర్పు గంగుల రాజధాని. అక్కడ 1078లో పట్టాభిషేకం జరిగిన రాజు పేరు అనంతవర్మ చోడగంగ దేవుడు. తండ్రి గంగ వంశపు రాజరాజు, తల్లి చోళ రాజకుమార్తె రాజసుందరి. చోడ అన్నది తల్లి వైపు, గంగ అన్నది తండ్రి వైపు. పూరీ జగన్నాథ ఆలయం ఇప్పుడున్న రూపంలో కట్టడం మొదలుపెట్టింది ఆయనే. తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే తల్లి పుట్టింటి పేరు రాజు పేరులో ముందు నిలబడింది! మనం ఇప్పుడు పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చాలా వద్దా అని కొట్టుకుంటున్నాం.

నేను చంపావతి అన్నాను. మా ఊరి పక్కన పారే ఏరు, మా నీళ్ళు అవే. వినడానికి ఎంత బాగుందో! అక్క ఒక్క సెకను ఆలోచించి, "రెండో క్లాసులో దాన్ని చంపా, చంపేస్తా అంటారురా" అంది. నిజమే. పేరు అర్థంలో నిలబడితే సరిపోదు, ఆటస్థలంలో కూడా నిలబడాలి.

తొందర కూడా ఉందండి. చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించాలి. పేరు మాత్రం ఏడాదిలోపు ఎప్పుడైనా ఫీజు లేకుండా ఎక్కించుకోవచ్చు, తర్వాతైతే ఆలస్య రుసుముతో. కానీ 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి స్కూలు అడ్మిషన్ నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకి జనన ధ్రువపత్రమే ఆధారం. తవిటమ్మని బయట ఇంకో పేరుతో పిలుచుకునే వీలు అప్పట్లో ఉండేది. ఇప్పుడు ఆ కాగితం మీద పడ్డ స్పెల్లింగే జీవితాంతం వెంట వస్తుంది.

చివరికి పేరు ఎలా కుదిరిందో చెప్తాను. బావ లిస్టులో హిరణ్య ఉంది. అర్థం ఏంటని నానమ్మ అడిగింది. బంగారం అన్నాను. "బంగారమంటే పైడే కదరా" అంది. విజయనగరం పైడితల్లమ్మ పేరు మీద మా వాడలోనే ఇద్దరు పైడిరాజులు, ఒక పైడమ్మ. అక్క ఆ మాట పట్టుకుంది. రాజు, అమ్మ ఏమీ తగిలించకుండా, ఒట్టి పైడి. బావ, పైథాన్ లాగా ఉందే అన్నాడు. మర్చిపోరులే అంది అక్క. జాతకంలో పంతులు గారు నాలుగో పాదం అక్షరంతో ఛాయ అని రాశారు.

ఒక సంగతి దాచాను. ఈ పాపకి ముందు అక్కకి ఒక బిడ్డ ఏడో నెలలో పోయింది. ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తం. బారసాల రోజు అందరూ భోజనాలకి లేచాక, నానమ్మ పాపని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. అక్క లోపలికెళ్ళి ఒక గిన్నె తెచ్చింది. బియ్యం మిల్లు నుంచి ముందే తెప్పించి పెట్టుకుందట, మాకెవరికీ చెప్పలేదు. గిన్నెలో తవుడు నానమ్మ కొంగులో పోసి, పాపని తీసుకుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ తవుడు ఏం చేశావని సాయంత్రం అడిగాను. పక్కింటోళ్ళ ఆవుకి పెట్టేశానంది.