షాలిమార్‌లో రైలు దిగేసరికి కాళ్లెందుకు వాస్తాయి? కాళ్ల నుంచి రక్తం గుండెకు ఎలా చేరుతుంది?

హైదరాబాద్ నుంచి ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లోనో, విజయవాడ, విశాఖపట్నం మీదుగా వచ్చే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లోనో షాలిమార్ చేరినవాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. ఎక్కేటప్పుడు వదులుగా ఉన్న చెప్పులు దిగేటప్పటికి బిగుతుగా మారతాయి. సాక్సులు తీస్తే చీలమండ చుట్టూ గీత పడి ఉంటుంది.

కోల్‌కతాకు హుగ్లీ నది అవతల, హౌరా వైపు ఉన్న స్టేషన్ షాలిమార్. దక్షిణాదికి వెళ్లే కొన్ని ముఖ్యమైన రైళ్లు ఇక్కడి నుంచే బయలుదేరతాయి. చెన్నై, వెల్లూరు, హైదరాబాద్ ఆసుపత్రులకు వెళ్లే బెంగాల్ కుటుంబాలు, పనుల కోసం వెళ్లే కార్మికులు, ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లు ఈ రైళ్లలో కనిపిస్తారు. ప్రయాణం ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుంది.

చాలామందిలో ఈ వాపు ఇంటికెళ్లి పడుకుంటే పోతుంది. కొద్దిమందిలో మాత్రం అది ప్రాణాపాయానికి తొలి గుర్తు కావచ్చు. ఆ తేడా తెలియాలంటే, గుండె పంపిన రక్తం మళ్లీ గుండెకు ఎలా చేరుతుందో తెలియాలి.

గుండె ఏం చేస్తుంది?

మన పిడికిలంత ఉండే గుండెలో నాలుగు గదులుంటాయి. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. నిజానికి ఇవి పక్కపక్కన పనిచేసే రెండు పంపులు. కుడివైపు పంపు శరీరం నుంచి వచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ఆక్సిజన్ నింపుకుని వచ్చిన రక్తాన్ని ఎడమవైపు పంపు బృహద్ధమని ద్వారా శరీరమంతటికీ నెడుతుంది.

గుండె ఎప్పుడు కొట్టుకోవాలో గుండే నిర్ణయించుకుంటుంది. కుడి కర్ణిక గోడలో ఉండే కణాల ముద్ద ఒకటి క్రమం తప్పకుండా విద్యుత్ సంకేతాలను పుట్టిస్తుంది. ఆ సంకేతంతో ముందు కర్ణికలు, క్షణంలో కొంత భాగం ఆగి జఠరికలు ముడుచుకుంటాయి. స్టెతస్కోప్‌లో వినిపించే ‘లబ్ డబ్’ చప్పుడు గుండె కవాటాలు మూసుకునేటప్పుడు వచ్చేది.

విశ్రాంతిలో ఉన్న పెద్దవారి గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. ఒక్కోసారి సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బయటకు నెడుతుంది. అంటే నిమిషానికి దాదాపు 5 లీటర్లు. పెద్దవారి శరీరంలో ఉండే మొత్తం రక్తమూ ఇంచుమించు అంతే.

ఈ లెక్కలోని తర్కాన్ని మొదట పట్టుకున్నది ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే. గుండె అరగంటలో పంపే రక్తం శరీరంలో ఉన్న మొత్తం రక్తం కన్నా ఎక్కువని, అంత రక్తం ఎప్పటికప్పుడు కొత్తగా తయారయ్యే అవకాశం లేదని, కాబట్టి ఉన్న రక్తమే తిరుగుతూ ఉండాలని ఆయన 1628లో ప్రచురించిన పుస్తకంలో వాదించారు.

తిరుగు దారి ఎందుకు కష్టం?

బృహద్ధమనిలో రక్తపోటు 120/80 ప్రాంతంలో ఉంటుంది. ధమనులు చీలిపోతూ చివరికి వెంట్రుక కన్నా సన్నని కేశనాళికలవుతాయి. ఎర్ర రక్తకణాలు వాటిలో ఒకదాని వెనక ఒకటి, ఒక్కోసారి ఒంగి మరీ దూరి వెళ్లాలి. ఇక్కడే కణజాలానికి ఆక్సిజన్, పోషకాలు అందుతాయి. వాటిని దాటి రక్తం సిరల్లోకి చేరేసరికి, గుండె ఇచ్చిన ఒత్తిడిలో సుమారు 15 మిల్లీమీటర్ల పాదరసమే మిగులుతుంది.

సిరల గోడలు పల్చన, సులువుగా సాగుతాయి. ఏ సమయంలో చూసినా శరీరంలోని రక్తంలో సగానికి పైగా వీటిలోనే ఉంటుంది. కదలకుండా నిలబడితే, పైనున్న రక్తం బరువు వల్ల పాదాల సిరల్లో ఒత్తిడి 90 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. కూర్చున్నప్పుడు అంత ఉండదు కానీ, కాళ్లు వేలాడేసి గంటల తరబడి ఉంటే అదే జరుగుతుంది. రక్తం ఆగిపోదు, నెమ్మదిస్తుంది. సిరల్లో నిల్వ పెరిగి, కేశనాళికల నుంచి నీరు చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరుతుంది. చెప్పులు బిగుతవ్వడానికి కారణం ఇదే.

పిక్కల్లో ఉన్న ‘రెండో గుండె’

ఈ సమస్యకు శరీరం దగ్గర మూడు ఉపాయాలున్నాయి.

మొదటిది పిక్క కండరాలు. అడుగు వేసిన ప్రతిసారీ ఇవి బిగుసుకుని, లోపలున్న సిరలను పిండి రక్తాన్ని పైకి నెడతాయి. నడుస్తుంటే పాదాల సిరల్లో 90 దాకా ఉన్న ఒత్తిడి 30 కన్నా కిందికి దిగుతుంది. అందుకే వైద్యులు పిక్కలను రెండో గుండె అంటుంటారు.

రెండోది సిరల్లోని కవాటాలు. పైకి వెళ్లిన రక్తం కిందికి జారకుండా ఇవి మూసుకుంటాయి. ఇవి దెబ్బతింటే సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. వెరికోస్ వెయిన్స్ అంటే అవే.

మూడోది శ్వాస. గాలి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి, పొట్టలో పెరుగుతుంది. దాంతో రక్తం గుండె వైపు కదులుతుంది.

కణజాలంలోకి ఊరిన నీటిలో రోజుకు రెండు మూడు లీటర్లను శోషరస నాళాలు తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. ఈ నాళాలు పాడైతే ఏమవుతుందో కోస్తా జిల్లాలవారికి బాగా తెలుసు. బోదకాలు అలా వచ్చేదే.

రైల్లో గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఈ ఏర్పాట్లలో ముఖ్యమైన పిక్కల పంపు ఆగిపోతుంది. గుండె ఎంత ఆరోగ్యంగా ఉన్నా దాని పని అది చేయలేదు.

ఎప్పుడు ప్రమాదం?

నెమ్మదించిన రక్తం కొన్నిసార్లు కాలి లోపలి సిరల్లో గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడితే సిరల వెంట కుడి గుండెకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి రక్తనాళాన్ని మూసేస్తుంది. పెద్ద గడ్డయితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

నాలుగు గంటలు, అంతకు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణం తర్వాత ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. విమానమే కాదు, రైలు, బస్సు, కారు ప్రయాణాలకూ ఇది వర్తిస్తుంది. ఆరోగ్యవంతుల్లో ముప్పు తక్కువే, సుమారు 6,000 మందిలో ఒకరికి. కానీ ఇటీవల పెద్ద ఆపరేషన్ అయినవారు, కాలికి కట్టు వేసినవారు, క్యాన్సర్ రోగులు, గర్భిణులు, బాలింతలు, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవారు, గతంలో గడ్డ కట్టినవారికి ఇది ఎక్కువ.

షాలిమార్ రైళ్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. దక్షిణాదిలో ఆపరేషన్ చేయించుకుని, కొద్ది రోజులకే ఇదే దారిలో ఇంటికి తిరిగి వెళ్లేవారు ఉంటారు. అలాంటివారు ‘ఎప్పుడు ప్రయాణం చేయొచ్చు, గడ్డ కట్టకుండా మందు అవసరమా’ అని డిశ్చార్జ్‌కి ముందే వైద్యుణ్ని అడగాలి. కాలు కదపడానికి చోటు లేని జనరల్ బోగీ ఇలాంటివారికి మంచిది కాదు.

ఏం గమనించాలి, ఏం చేయాలి?

రెండు కాళ్లూ సమానంగా వాచి, పడుకుని లేచేసరికి తగ్గితే సాధారణంగా భయం లేదు. ఒక కాలే వాచి, పిక్కలో నొప్పి, వేడి, ఎరుపు ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలవాలి. ఈ లక్షణాలు ప్రయాణం తర్వాత కొన్ని వారాలకూ కనిపించవచ్చు. హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీల్చితే ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే అది అత్యవసర పరిస్థితి. రైల్లో ఉంటే 139కి, తెలుగు రాష్ట్రాల్లో బయట ఉంటే 108కి ఫోన్ చేయాలి.

రెండు కాళ్ల వాపూ రోజుల తరబడి తగ్గకపోతే కారణం ప్రయాణం కాకపోవచ్చు. తిరిగి వచ్చిన రక్తాన్ని గుండె పూర్తిగా తీసుకోలేకపోయినా, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్నా, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వంటి మాత్రల వల్లా ఇలా జరగవచ్చు. మాత్ర సొంతంగా మానేయకుండా వైద్యుణ్ని అడగాలి.

ప్రయాణంలో చేయాల్సినవి తేలికే. గంటకోసారి లేచి బోగీలో అటూ ఇటూ నడవాలి. చోటు లేకపోతే కూర్చునే పాదాలను పైకీ కిందికీ ఆడించాలి. కాలు మీద కాలు వేసుకుని ఎక్కువసేపు కూర్చోకూడదు. టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానొద్దు. బెర్తు దొరికితే కాళ్లు చాపి పడుకోవాలి. బిగుతు సాక్సులు, ఆస్పిరిన్ మాత్రలు మాత్రం వైద్యులు చెబితేనే వాడాలి.

గుండె తన వంతు రక్తాన్ని నిమిషానికి 5 లీటర్ల చొప్పున పంపుతూనే ఉంటుంది. అది తేలిగ్గా తిరిగి రావడానికి మన కాళ్లు కదలాలి.