పాత బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో కర్బన సంగ్రహణ

నడుస్తున్న బొగ్గు విద్యుత్ కేంద్రపు పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను విడదీసి పట్టడాన్ని కర్బన సంగ్రహణ అంటారు. ఇందులోని రసాయన సూత్రం పాతదే. అమైన్ ద్రావణం చల్లగా ఉంటే ఈ వాయువును పీల్చుకుంటుంది, వేడిచేస్తే వదిలేస్తుంది. అమెరికాలో ఆర్.ఆర్. బాటమ్స్ 1930లోనే దీనికి పేటెంటు పొందాడు. కాలిఫోర్నియాలోని ట్రోనాలో 1978 నుంచి బొగ్గు బాయిలర్ల పొగలోని వాయువును సోడా యాష్ తయారీకి వాడారు. భూతాపం మీద బెంగతో కాదు, వ్యాపారానికి కావలసి. పట్టిన వాయువుకు గిరాకీ ఉన్నచోటే ఈ పద్ధతి నిలిచిందని తర్వాతి చరిత్ర చెబుతుంది.

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో, ఎస్తెవాన్ దగ్గరి బౌండరీ డ్యామ్ కేంద్రపు మూడో యూనిట్ లిగ్నైట్‌తో నడిచే పాత యూనిట్. బొగ్గు యూనిట్ల ఉద్గారాలకు కెనడా కేంద్ర ప్రభుత్వం గిగావాట్-గంటకు 420 టన్నుల పరిమితి పెట్టడంతో, దాన్ని మూసెయ్యడమో మార్చడమో తప్పనిసరయింది. సస్క్‌పవర్ సంస్థ వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చుచేసి 2014లో సంగ్రహణ ప్రారంభించింది. ఏడాదికి పది లక్షల టన్నులు పట్టాలన్నది లక్ష్యం. వాయువులో ఎక్కువ భాగాన్ని, బావుల్లోకి ఎక్కించి చమురును పైకి నెట్టడానికి, వేబర్న్ చమురు క్షేత్రానికి అమ్మారు. ద్రావణాన్ని వేడిచెయ్యడానికి ఆవిరి, వాయువును కుదించడానికి కరెంటు పోను, దాదాపు 140 మెగావాట్ల యూనిట్ గ్రిడ్‌కిచ్చేది సుమారు 115 మెగావాట్లకు తగ్గింది. మొదటి ఏడాదుల్లో మరమ్మతులు తరచూ వచ్చాయి. ఈ పద్ధతి వైఫల్యానికి కారణం యంత్రాలేననేవారు దీన్నే చూపుతారు. ఆ మాట కొంతవరకే నిజం. లోపాలు సరిచేశాక కూడా, 2018లో సంస్థ నాలుగు, ఐదు యూనిట్లకు సంగ్రహణ వద్దనుకుంది. సహజవాయువు చౌకగా దొరకడం అందుకు ముఖ్య కారణం. కట్టగా కట్టగా ఖర్చు దిగుతుందన్న వాదన సబబే, కానీ రెండోది కట్టేవాడే లేకపోతే దిగేదెలా?

గిరాకీ మాటకు, టెక్సస్‌లో ఒక బొగ్గు కేంద్రానికి కట్టిన పెట్రా నోవా మరింత సూటి ఉదాహరణ. 2017లో మొదలైన ఈ ప్లాంటు పట్టిన వాయువు చమురు బావుల్లోకే వెళ్లేది. 2020లో చమురు ధర కుప్పకూలగానే సంగ్రహణ ఆగింది, 2023లో మళ్లీ మొదలైంది. రసాయనం మారలేదు, చమురు బజారు మారింది. చమురు కోసం పంపితే భూమికి లాభమేమిటన్న అభ్యంతరాన్ని కొట్టిపారెయ్యలేం. పైకి తెచ్చిన చమురు కాలినప్పుడు మళ్లీ ఉద్గారమే. అయితే గిరాకీని చట్టం కూడా పుట్టించగలదు. భూగర్భంలో శాశ్వతంగా నిల్వచేసిన టన్నుకు అమెరికా 2022లో పన్ను రాయితీని 85 డాలర్ల దాకా పెంచింది. మన దేశంలో ఎన్‌టీపీసీ అదే ఏడాది వింధ్యాచల్‌లో రోజుకు 20 టన్నులు పట్టే ప్లాంటును నడిపింది, మిథనాల్ తయారీ కోసం. కానీ పూర్తి సామర్థ్యంతో నడిచే 500 మెగావాట్ల యూనిట్ రోజుకు వదిలేది సుమారు పదివేల టన్నులు.