మెదడు గడియారం: పగలు, రాత్రి తేడాలో పొటాషియం చానెల్స్ పాత్ర

మెదక్ జిల్లా హవేలిఘనపూర్ మండలంలో సేద్యం చేసేవాళ్లకు రాత్రి మేలుకోవడం కొత్తేమీ కాదు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలైంది. అంతకుముందు కరెంటు విడతల వారీగా వచ్చేది. రాత్రి విడత పడితే రైతు బావి కాడికి పోయి మోటారు వేయాల్సిందే. ఇవాళ నర్సులు, లారీ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు కూడా రాత్రి డ్యూటీలే చేస్తున్నారు. రాత్రంతా మేలుకున్నా పగలు కంటి నిండా నిద్ర ఎందుకు పట్టదు? దీనికి పెద్ద కారణం మెదడులోని గడియారం. ఆ గడియారానికి, పొటాషియం చానెల్స్‌కు దగ్గరి సంబంధం ఉంది.

గడియారం ఎక్కడుంది?

రెండు కళ్ల నరాలు మెదడు అడుగున కలిసే చోటుకు కాస్త పైన రెండు చిన్న నాడీకణాల గుంపులు ఉంటాయి. వీటిని సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్, పొట్టిగా ఎస్‌సీఎన్ అంటారు. రెండింటిలో కలిపి దాదాపు 20 వేల కణాలు. నిద్ర, ఒంటి వేడి, హార్మోన్లు 24 గంటల లయలో నడవడానికి ఇదే పెద్ద గడియారం.

ప్రతి కణంలో కొన్ని జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు రోజుకోసారి పెరిగి, మళ్లీ తగ్గుతాయి. పండ్ల ఈగల్లో ఈ యంత్రాంగాన్ని వివరించినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి దక్కింది.

కణం లోపలి గడియారం మిగతా శరీరానికి టైమ్ చెప్పేది ప్రధానంగా విద్యుత్ సంకేతాలతోనే. ఎస్‌సీఎన్ కణాలు పగలు ఎక్కువ సంకేతాలు పంపుతాయి, రాత్రి తగ్గిస్తాయి. రాత్రిపూట తిరిగే ఎలుకల్లోనూ ఇంతే.

చెరువు తూము లాంటిది

పొటాషియం చానెల్ అంటే కణం పొరలో ఉండే ప్రోటీన్ దారి. చెరువు తూము ఎత్తితే నీళ్లు బయటికి పారినట్టే, చానెల్ తెరుచుకుంటే పొటాషియం కణం నుంచి బయటికి పోతుంది. ఎందుకంటే బయటికన్నా లోపల పొటాషియం దాదాపు 30 రెట్లు ఎక్కువ. ధనావేశం ఉన్న పొటాషియం బయటికి పోయేకొద్దీ కణం లోపల రుణావేశం పెరుగుతుంది. అప్పుడు సంకేతం పుట్టడం కష్టమవుతుంది, కణం శాంతిస్తుంది. సోడియం లోపలికి వస్తే దీనికి ఎదురుగా జరుగుతుంది, కణం చురుకవుతుంది.

2006లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో బీకే అనే పొటాషియం చానెల్ లేకుండా చేస్తే, ఎస్‌సీఎన్ కణాలు రాత్రిపూట ఎక్కువ సంకేతాలు పంపాయి. ఆ ఎలుకల దినచర్య లయ కూడా బలహీనపడింది.

2015లో అమెరికా నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో భారత సంతతి శాస్త్రవేత్త రవి అల్లాడ బృందం దీన్ని సైకిల్ పెడల్స్‌తో పోల్చింది. పగలు సోడియం ప్రవాహం పెరిగి కణాన్ని లేపుతుంది. రాత్రి పొటాషియం ప్రవాహం పెరిగి దాన్ని నెమ్మదింపజేస్తుంది. ఈగల్లో, ఎలుకల్లో ఒకే పద్ధతి కనిపించింది. అంటే రాత్రి నిశ్శబ్దం దానంతట అదే వచ్చేది కాదు, కణం పనిగట్టుకుని తెచ్చుకునేది.

తిరుపతిలో తేళ్లపై పరిశోధన

తెలుగు నేలపై ఇలాంటి లయల అధ్యయనం పాతదే. 1960లలో తిరుపతి శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ జువాలజీ విభాగంలో ప్రొఫెసర్ కె. పంపాపతి రావు, ఆయన సహచరులు తేళ్లపై పనిచేశారు. రాత్రిపూట తిరిగే ఈ జీవుల రక్తంలోని చక్కెర, ఎంజైముల చురుకుదనం రోజులో వేళను బట్టి మారుతున్నాయని చూపించారు. గడియారపు జన్యువుల గుట్టు అప్పటికింకా బయటపడలేదు.

మనకు పనికొచ్చేది ఏమిటి?

కంట్లో పడే వెలుతురు నేరుగా ఎస్‌సీఎన్‌కు చేరుతుంది. అందుకే రాత్రి పొద్దుపోయాక గట్టి వెలుతురు పడితే గడియారం వెనక్కి జరుగుతుంది. డ్యూటీ మారినంత మాత్రాన ఈ గడియారం వెంటనే మారదు, సర్దుకోవడానికి రోజులు పడుతుంది. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కు కారణం కాగల అంశాల్లో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో చేర్చింది.

రాత్రి పనిచేసేవాళ్లు పగలు చీకటి గదిలో, రోజూ ఒకే వేళకు పడుకుంటే కొంత మేలు. ఇక అరటిపండ్లు ఎక్కువ తింటే ఈ చానెల్స్ బాగా పనిచేస్తాయనుకోవద్దు. రక్తంలో పొటాషియం ఎంత ఉండాలో కిడ్నీలు చూసుకుంటాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అది ఎక్కువైతే గుండెకే ప్రమాదం. కాబట్టి డాక్టర్‌ను అడగకుండా పొటాషియం మందులు వాడకూడదు.